ఆ బొమ్మల అడుగు అంచు కత్తిరించకండి

అమెరికాలోని తెలుగు సంఘాల కార్యవర్గ సభ్యులకు, వారాంతపు తెలుగు బడుల ఉపాధ్యాయులకు బహిరంగ లేఖ

అందరికీ నమస్కారం.

2026తో అమెరికా స్వాతంత్ర్యానికి 250 ఏళ్లు. ఆ సందర్భంగా మన సభల్లో, బడి వార్షికోత్సవాల్లో ఈ దేశ చరిత్ర మీద బోర్డులు పెడుతున్నారు. చాలా మంచి పని. వాటిలో పిల్లలు ఆగి చూసేవి పాత అధ్యక్ష ఎన్నికల ప్రచార చిత్రాలే. దుంగల ఇంటి గుమ్మంలో హారిసన్, డేగ రెక్కల కింద హెన్రీ క్లే, ఇంకా గడ్డం పెంచని లింకన్. రంగులు కంటికి ఇంపుగా ఉంటాయి. పక్కన నిలబడి ఫొటోలు కూడా దిగుతారు.

ఆ బొమ్మల గురించే ఈ విన్నపం. నేను చూసిన బోర్డుల్లో చాలావాటి మీద బొమ్మ అడుగు అంచు కనిపించలేదు. చార్టులో ఇమడడం కోసమో, అందం కోసమో కత్తిరించేశారు. ఎవరు గీశారు, ఎవరు అచ్చువేశారు, ఏ ఊళ్లో ఏ వీధిలో అమ్మారు, ఏ ఏడాది హక్కులు నమోదు చేయించారు అన్నవి చిన్న అక్షరాల్లో ఉండేది ఆ అంచులోనే. అది పోతే ప్రచార చిత్రం కాస్తా గోడకు తగిలించే క్యాలెండర్ బొమ్మ అయిపోతుంది. ఇంకో సంగతి, ఎంచుకున్నవన్నీ ముచ్చటైన బొమ్మలే. ఆ కాలంలో చేతులు మారిన వికారమైన బొమ్మలు ఒక్కటీ లేవు. పూర్తి కాగితాన్ని పెట్టండి, వికారమైనవాటినీ పెట్టండి. నేను అడిగేది ఇదే. ఎందుకో చెప్తాను.

ముందు అందరికీ ఇష్టమైన దుంగల ఇల్లు. 1840లో, డెమోక్రాట్లకు అప్పటి ప్రధాన పోటీ అయిన విగ్ పార్టీ తరఫున విలియం హెన్రీ హారిసన్ నిలబడ్డారు. ముసలాయనకు ఓ పీపా పులిసిన ఆపిల్ రసం, ఏడాదికి రెండు వేల డాలర్ల పింఛను ఇస్తే మిగతా జీవితం దుంగల గుడిసెలో గడిపేస్తాడని బాల్టిమోర్‌లో డెమోక్రాట్ల పత్రిక ఒకటి వెక్కిరించింది. విగ్గులు ఆ వెక్కిరింతనే జెండాగా ఎత్తుకున్నారు. చెక్క దిమ్మల మీద చెక్కి కరపత్రాలు, పంచాంగాలు, పాటల పుస్తకాలు, పత్రికల తలకట్లు అన్నిటి మీదా దుంగల ఇల్లే వేశారు. గుమ్మం పక్కన పీపా, గోడకు రకూన్ అనే అడవి జంతువు తోలు, ముంగిట నాగలి, లోపలికి రమ్మంటూ చెయ్యి చాచిన హారిసన్, ఎదురుగా కాలు పోగొట్టుకున్న పాత సిపాయి. పత్రికా సంపాదకుడు హోరేస్ గ్రీలీ విగ్గుల కోసం నడిపిన ప్రచార పత్రిక పేరు కూడా ‘ది లాగ్ కేబిన్’.

అసలు సంగతేమిటంటే, హారిసన్ పుట్టింది వర్జీనియాలోని బర్క్‌లీ ఎస్టేటులో. బానిసల చాకిరీ మీద నడిచిన పెద్ద కమతం అది. తండ్రి బెంజమిన్ హారిసన్ స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసినవారిలో ఒకరు. ఒహాయోలోని నార్త్ బెండ్‌లో విలియం హెన్రీ కాపురమున్నది పెద్ద ఇంట్లో. ఆ ఇల్లు ఓ పాత దుంగల ఇంటి చుట్టూ పెరిగిందన్న మాట నిజమే, బొమ్మల్లోని గుడిసె మాత్రం కాదు. ఆయన మీద పోటీ చేసిన అధ్యక్షుడు మార్టిన్ వాన్ బ్యూరెన్‌ను బంగారు పళ్లెంలో తినే దొరగా చిత్రించారు. ఆయనేమో న్యూయార్క్ రాష్ట్రంలోని కిండర్‌హుక్ అనే పల్లెలో సత్రం నడుపుకున్న మనిషి కొడుకు. జమీందారు బిడ్డ గుడిసెవాసి అయ్యాడు, సత్రం యజమాని బిడ్డ దొర అయ్యాడు. చదువు రానివాడికి సైతం ఒక్క చూపులో అర్థమయ్యే ఈ తారుమారు చేసింది బొమ్మే.

ఆ ఏడాది బొమ్మల్లో నాకు బాగా నచ్చింది ఓ చిన్న అట్ట. గీసింది బోస్టన్ చిత్రకారుడు డేవిడ్ క్లేపూల్ జాన్‌స్టన్. వాన్ బ్యూరెన్ చేతిలో అందమైన గాజు గోబ్లెట్. అందులో శ్వేతసౌధపు షాంపేన్. ముఖం నిండా నవ్వు. కింద ఉన్న కాగితపు నాలికను లాగితే బొమ్మ మారిపోతుంది. గోబ్లెట్ పోయి, దుంగల ఇంటి ఆపిల్ పానీయం ఉన్న మొరటు మగ్గు వస్తుంది. నవ్వు పోయి, మూతి వంకర తిరుగుతుంది. ఓటరు చేతిలో కదిలే కార్టూన్ అది, 1840లోనే! దీన్ని పిల్లల చేత అట్టముక్కలతో చేయించవచ్చు. చేస్తున్నప్పుడు ఒక్క ప్రశ్న అడగండి: ఈ అట్ట వాన్ బ్యూరెన్ గురించి ఏదైనా నిజం చెప్పిందా? చెప్పలేదు. పేదవాడి పానీయం చూస్తే ఆయనకు అసహ్యమన్న అభిప్రాయాన్ని చూసేవాడి వేళ్లతోనే తయారు చేయించింది. ఆ ఎన్నికలో ఓటు హక్కున్నవారిలో దాదాపు 80 శాతం మంది ఓటేశారు. అధ్యక్షుణ్ని ఎన్నుకునే ప్రతినిధుల (ఎలక్టర్ల) ఓట్లు హారిసన్‌కు 234, వాన్ బ్యూరెన్‌కు 60. గెలిచిన మనిషి పదవిలో నెల రోజులు దాటగానే, 1841 ఏప్రిల్ 4న కన్నుమూశారు. గుడిసె బొమ్మ మాత్రం ఆయనతో పోలేదు. ఆ తర్వాత ఎందరో అభ్యర్థులకు పేదింటి పుట్టుక పెద్ద అర్హత అయి కూర్చుంది.

ఇక బోర్డుల మీద నేనెప్పుడూ చూడని కాగితం సంగతి. 1828 ఎన్నికలో ఆండ్రూ జాక్సన్‌కు వ్యతిరేకంగా ఫిలడెల్ఫియా పత్రికా సంపాదకుడు జాన్ బిన్స్ వేసిన శవపేటికల కరపత్రం. ఒకే పెద్ద కాగితం. పైన నల్ల శవపేటికలు వరుసగా, ఒక్కో పేటిక మీద ఒక్కో పేరు. కింద ఇరుకు వరుసల్లో కిక్కిరిసిన అక్షరాలు. వాటి మధ్య, నాష్‌విల్ వీధిలో జాక్సన్ ఒక మనిషిని కర్రలో దాచిన కత్తితో పొడుస్తున్న చిన్న చెక్క అచ్చు బొమ్మ. దూరం నుంచి చూస్తే అక్షరాలు కనబడవు, పేటికలే కనబడతాయి. కావలసింది కూడా అదే.

ఆ పేటికల్లో ఆరు టెనెసీ మిలీషియా, అంటే పౌర సైన్యం సిపాయిలవి. తమ గడువు మూడు నెలలే, అది తీరిపోయిందని వాళ్ల వాదన. గడువు ఆరు నెలలని, తిరుగుబాటు చేసి వెళ్లిపోయారని సైనిక న్యాయస్థానం తేల్చింది. వాళ్ల సేనాని అయిన జాక్సన్ శిక్షను ఆమోదించారు. 1815 ఫిబ్రవరి 21న, ఇప్పటి అలబామాలోని మొబైల్ అనే ఊళ్లో కాల్చి చంపారు. అప్పటికి బ్రిటన్ మీద న్యూ ఆర్లియన్స్ యుద్ధం గెలిచి నెల దాటింది, సంధి మీద సంతకాలై రెండు నెలలు కావస్తోంది. వాళ్లలో జాన్ హారిస్ అనే ఆయన బాప్టిస్టు బోధకుడు. కాబట్టి ఇది గాలిలోంచి పుట్టించిన కథ కాదు. జరిగిన చావులవి. వాటిని వరుసగా పేర్చి, పక్కన ఇంకెన్నో చేర్చి, ‘ఇతను హంతకుడు’ అన్న ఒక్క ముక్క మిగిలేలా చేశారు. పిల్లలకు దీన్నుంచి నేర్పగలిగినంత గుడిసె బొమ్మ నుంచి నేర్పలేం. గుడిసె బొమ్మ అబద్ధమని తేలిగ్గా చెప్పెయ్యవచ్చు. పేటికల కాగితంలో ఏది నిజం, ఏది అతిశయం, ఏది వదిలేశారు అని వాక్యం వాక్యం విడదీసి చూడాలి. ఎనిమిదో తరగతి దాటిన పిల్లలు ఆ పని చక్కగా చేస్తారు.

ఆ కాగితం జాక్సన్‌ను ఓడించలేకపోయింది. బిన్స్ సొంత రాష్ట్రమైన పెన్సిల్వేనియాలోనే మూడింట రెండొంతుల ఓట్లు జాక్సన్‌కు పడ్డాయి. గెలుపు మత్తులో ఓ గుంపు శవపేటిక పట్టుకుని తన ఇంటి మీదికి వచ్చిందని బిన్స్ ఆత్మకథలో రాసుకున్నారు. బొమ్మ అచ్చువేసినవాడి గుమ్మానికే బొమ్మ తిరిగొచ్చింది.

ఈ బొమ్మలన్నీ ఆ రోజుల్లోనే ఎందుకు వెల్లువెత్తాయో బోర్డు మీద రెండు వాక్యాలు రాస్తే చాలు. అంతకుముందు చాలా రాష్ట్రాల్లో ఎలక్టర్లను శాసనసభలే ఎన్నుకునేవి. 1828 నాటికి డెలావేర్, సౌత్ కెరొలైనా తప్ప మిగతా అన్నిచోట్లా జనం ఓటుకు వదిలారు. ఆస్తి ఉంటేనే ఓటు అన్న నిబంధనలు కూడా చాలాచోట్ల పోతున్నాయి. 1824తో పోలిస్తే 1828లో పోలైన ఓట్లు సుమారు మూడింతలు. ఓటర్లంటే దాదాపు అందరూ తెల్లజాతి మగవాళ్లే అన్న మాట మాత్రం బోర్డు మీద తప్పక ఉండాలి. స్త్రీలకు ఓటు లేదు, నల్లజాతివారిలో అత్యధికులు బానిసత్వంలో ఉన్నారు. సరిగ్గా ఆ కాలంలోనే బవేరియా నుంచి వచ్చిన రాతి అచ్చు, అంటే లితో, అమెరికాలో పుంజుకుంది. రాగి రేకు మీద రోజుల తరబడి చెక్కే బాధ లేదు. సున్నపురాయి మీద జిడ్డు చాక్‌తో గీస్తే చాలు. రాయిని తడిపి సిరా రాస్తే అది జిడ్డు ఉన్నచోటే అంటుకుంటుంది. ఎన్నిక వేడి చల్లారేలోగా బొమ్మ వీధిలో ఉండేది.

ఆ లితో వ్యాపారంలో పేరు మోసినవాడు న్యూయార్క్‌లోని నథానియెల్ కరియర్. 1857లో జేమ్స్ ఐవ్స్ భాగస్వామిగా చేరాక ఆ సంస్థ ‘కరియర్ అండ్ ఐవ్స్’ అయింది. అడుగు అంచు ఎందుకు ముఖ్యమో ఈ ఒక్క దుకాణంతోనే చూపించవచ్చు. 1844లో కరియర్ విగ్గుల కోసం వాళ్ల అధ్యక్ష, ఉపాధ్యక్ష అభ్యర్థులు క్లే, ఫ్రీలింగ్‌హైసెన్‌ల బ్యానర్ వేశాడు. అదే ఏడాది డెమోక్రాట్ల కోసం పోక్, డాలస్‌ల బ్యానర్ వేశాడు. డేగలు, జెండాలు, పక్కపక్కన ఇద్దరేసి అభ్యర్థుల ముఖాలు. రెంటినీ ఒకచోట పెడితే ఒకే తల్లి బిడ్డల్లా ఉంటాయి. అడుగున ప్రచురణకర్త పేరు ఒకటే, చిరునామా కూడా ఒకటే: 2, స్ప్రూస్ స్ట్రీట్. రంగులు వేసింది వరసగా కూర్చున్న ఆడవాళ్లు. ఒకరు ఒక రంగు వేసి కాగితాన్ని పక్కావిడకు జరిపేవారు. ఆ చేతుల మీదుగా రెండు పార్టీల బొమ్మలూ వెళ్లాయి. వాళ్లలో ఎవరికీ ఓటు లేదు.

ఇంకాస్త కిందికి చూడండి. 1848 నాటి కొన్ని ఎగతాళి చిత్రాల అడుగున ప్రచురణకర్తగా పీటర్ స్మిత్ అనే పేరుంటుంది. చిరునామా చూస్తే మళ్లీ అదే 2, స్ప్రూస్ స్ట్రీట్. పీటర్ స్మిత్ అంటే కరియరే. గౌరవంగా కనబడే బ్యానర్లకు సొంత పేరు, బురద చల్లే కార్టూన్లకు మారుపేరు. ఈ ఒక్క పంక్తి బడిలో చదివిస్తే, ‘పంపిందెవరు?’ అని అడగడం పిల్లలకు మనం వేరే నేర్పక్కర్లేదు. మన దేశంలో ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 127ఏ సెక్షన్ ప్రకారం ఎన్నికల కరపత్రం మీదా పోస్టరు మీదా అచ్చువేసినవారి పేరు, ప్రచురించినవారి పేరు, చిరునామాలతో సహా ఉండి తీరాలి. గుంటూరులోనో వరంగల్‌లోనో పోస్టరు అడుగున సన్నటి అక్షరాలు చూసి పెరిగిన మనకు ఆ పంక్తి విలువ ఇంకొకరు చెప్పాలా?

ఇప్పుడు అందరం తప్పించుకు తిరిగే బొమ్మల దగ్గరికి వస్తాను.

1804 ప్రాంతంలో మసాచుసెట్స్‌లోని న్యూబరీపోర్ట్‌లో చిత్రకారుడు జేమ్స్ ఏకిన్ ఒక బొమ్మ వేశాడు. అప్పటి అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ కోడిపుంజు, ఆయన బానిస సాలీ హెమింగ్స్ కోడిపెట్ట. జెఫర్సన్‌ను నవ్వులపాలు చెయ్యడం ఆయన ప్రత్యర్థుల ఉద్దేశం. కానీ ఆ కాగితం మీద అవమానం పడ్డది, జవాబు చెప్పే వీలే లేని ఆ స్త్రీ మీద. అధ్యక్షుణ్ని తిట్టడానికి ఆమె వాళ్లకు ఒక సాధనం, అంతే. 1860లో కరియర్ అండ్ ఐవ్స్ లింకన్ హుందా చిత్రాలు అమ్ముతూనే, అదే ఏడాది ఇంకో కార్టూన్ వేసింది. వింతల ప్రదర్శనలతో వ్యాపారం చేసిన బార్నమ్ తన మ్యూజియంలో టికెట్టు పెట్టి జనానికి చూపించిన నల్లజాతి మనిషిని లింకన్‌కూ గ్రీలీకీ మధ్య నిలబెట్టి, రిపబ్లికన్ల తర్వాతి అభ్యర్థి ఇతనేనని ఎగతాళి. ఇది కూడా ఎన్నికల ప్రచారమే. ఇదీ ఆ డేగల బ్యానర్లు వచ్చిన చోటి నుంచే వచ్చింది.

1864 కథ మరీ చదవాల్సింది. అంతకు కొద్ది నెలల ముందు, 1863 చివర్లో, న్యూయార్క్‌లో పేరు లేని ఓ చిన్న పుస్తకం వచ్చింది. తెల్లవాళ్లు, నల్లవాళ్లు పెళ్లిళ్లు చేసుకుని కలిసిపోవాలని, రిపబ్లికన్లు దీన్ని తమ సిద్ధాంతంగా చెప్పాలని అందులో వాదన. రాసింది బానిసత్వ వ్యతిరేకి అనే అందరూ అనుకున్నారు. నిజానికి రాసినవాళ్లు లింకన్‌ను వ్యతిరేకించే ‘న్యూయార్క్ వరల్డ్’ పత్రిక మనుషులు డేవిడ్ క్రోలీ, జార్జ్ వేక్‌మన్. ప్రత్యర్థుల నోట్లో మాట పెట్టి, తర్వాత ఆ మాటకు ప్రత్యర్థులనే నిలదీసే ఎత్తు. పుస్తకాన్ని బానిసత్వ వ్యతిరేక నాయకులకు పంపి మెచ్చుకోలు లేఖలు కూడా అడిగారు. ఆ అబద్ధం మీదే 1864లో బ్రామ్లీ అండ్ కంపెనీ ఒక లితో వేసింది. తెల్లవాళ్లు, నల్లవాళ్లు జంటలుగా తిరుగుతుంటే లింకన్ వంగి నమస్కరిస్తున్నట్టు. దాన్ని చూసి నవ్వినవాళ్లలో ఎంతమందికి ఆ పుస్తకం ఎవరు రాశారో తెలుసు? ఇవాళ మన ఫోన్లకు వచ్చే ఎన్నికల బొమ్మల్లో ఎన్నింటికి అడుగు అంచు ఉంది? మన ఇళ్లలో చాలామంది ఇక్కడి ఓటర్లయ్యారు. ఇంకొందరు వరుసలో ఉన్నారు. పౌరసత్వ పరీక్షకు ప్రశ్నలూ జవాబులూ వల్లె వేయిస్తాం. బొమ్మ చదవడం ఎవరూ నేర్పడం లేదు.

‘పసిపిల్లలకు ఇవన్నీ ఎందుకండీ’ అని మీలో కొందరు అంటారు. ఆ భయం సరైనదే. 1804, 1860, 1864 బొమ్మలు చిన్నపిల్లల బోర్డు మీద వద్దు. పై తరగతుల పిల్లలకు, తల్లిదండ్రులకు విడిగా ఒక గదిలో, వివరించే మనిషిని పక్కన ఉంచి చూపించండి. అంతకుముందు మీ ఊళ్లో ఉన్న నల్లజాతి ఉపాధ్యాయుల్ని, లైబ్రేరియన్లని పిలిచి, పక్కన ఏం రాయాలో వాళ్లను అడగండి. ఆ అవమానం వాళ్ల పూర్వీకులది. మనం వచ్చిన ఈ దేశంలో మనకు తలుపులు తెరిపించిన హక్కుల పోరాటం కూడా చాలావరకు వాళ్లదే. పూర్తిగా దాచేస్తే మాత్రం, అమెరికా ఎన్నికలంటే గుడిసెలు, డేగలు, పాటలు అని మన పిల్లలు అనుకుంటారు. ఏదో ఒకరోజు ఇంకెక్కడో ఆ బొమ్మ ఒంటరిగా ఎదురైనప్పుడు ఏమనుకోవాలో తెలియక నిలబడిపోతారు.

చిన్నపిల్లల కోసం గ్రేస్ బెడెల్ కథ ఉంది. న్యూయార్క్ రాష్ట్రంలోని వెస్ట్‌ఫీల్డ్‌లో పదకొండేళ్ల అమ్మాయి. 1860 అక్టోబరులో వాళ్ల నాన్న సంత నుంచి లింకన్, ఆయన ఉపాధ్యక్ష అభ్యర్థి హామ్లిన్‌ల ప్రచార చిత్రం తెచ్చాడు. ఆ అమ్మాయి దాన్ని చూసి, మీ ముఖం మరీ సన్నగా ఉంది, గడ్డం పెంచితే బాగుంటారని లింకన్‌కే ఉత్తరం రాసింది. ఆయన జవాబు రాశారు, తర్వాత గడ్డమూ పెంచారు. అచ్చువేసేవాళ్లు తమ పాత బొమ్మలకు గడ్డాలు అతికించుకోవాల్సి వచ్చింది. గడ్డం లేని లింకన్, గడ్డం ఉన్న లింకన్ పక్కపక్కన పెట్టి ఏది ముందో కనిపెట్టమనండి.

ఓటు చీటీలు కూడా ఒకటి రెండు ఉంచండి. అప్పట్లో ప్రభుత్వం బ్యాలెట్ అచ్చువేసేది కాదు. పార్టీలే వేసి పంచేవి. పైన బొమ్మ, కింద ఎలక్టర్ల పేర్ల జాబితా. రంగును బట్టో, బొమ్మను బట్టో ఎవరు ఎవరికి వేస్తున్నారో పెట్టె దగ్గర నిలబడ్డవాడికి తెలిసిపోయేది. ప్రభుత్వం వేసిన రహస్య బ్యాలెట్‌ను రాష్ట్రమంతటికీ మొదట తెచ్చింది మసాచుసెట్స్, 1888లో.

బొమ్మలు దొరకడం కష్టం కాదు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లోని ప్రింట్స్ అండ్ ఫొటోగ్రాఫ్స్ విభాగం నేను చెప్పినవాటిలో చాలావాటిని పెద్ద సైజు స్కాన్లుగా ఉచితంగా ఇస్తుంది. వూస్టర్‌లోని అమెరికన్ యాంటిక్వేరియన్ సొసైటీ, వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ అమెరికా చరిత్ర మ్యూజియం, కార్నెల్ విశ్వవిద్యాలయం దగ్గర కూడా మంచి సేకరణలున్నాయి. ఆ స్కాన్లలో కాగితం నాలుగు అంచులూ ఉంటాయి, చిరుగులతో మరకలతో సహా. అలాగే ప్రింటు తీయించండి. అడుగు పంక్తి మరీ సన్నగా ఉంటే పక్కనే పెద్ద అక్షరాల్లో తెలుగులో ఎత్తి రాయండి: ఎవరు, ఎక్కడ, ఏ ఏడాది, ఏ పార్టీ కోసం. ప్రతి బ్యానర్ పక్కన అదే ఎన్నికలో అవతలి పార్టీ కాగితం కూడా ఒకటి ఉండాలి. 1844 అయితే క్లే పక్కన పోక్, 1840 అయితే గుడిసె పక్కన హారిసన్ పుట్టిన బర్క్‌లీ ఎస్టేటు ఫొటో.

తెలుగులో వివరణలు రాయడానికి, పిల్లలకు కదిలే అట్ట చేయించడానికి, రాతి అచ్చు ఎలా పనిచేస్తుందో చూపించడానికి మనిషి కావాలంటే ఏ ఊరికైనా నా ఖర్చులతో వస్తాను. ఈ లేఖ కిందే జవాబు రాయండి.

ఇట్లు,
పాత అచ్చు చిత్రాలు చదువుకునే ఒక తెలుగువాడు